పిండికట్టు తీశాక నాన్న తొడ సన్నబడిపోయింది. ఆ కండ ఎక్కడికి పోయింది, మళ్ళీ వస్తుందా?

ప్రశ్న: మౌలాలి కూతురు

అందరికీ నమస్కారం. మాది మౌలాలి. నాన్నకు 67 ఏళ్ళు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. వానల్లో మా వీధి మలుపు దగ్గర నీళ్ళ కింద గుంత కనపడక స్కూటర్ మీంచి పడ్డారు. కుడి మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. ఎముక పక్కకు జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదని తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు దాదాపు మంచం మీదే గడిచాయి.

పోయిన మంగళవారం కట్టు కోశారు. ఎక్స్‌రే చూసి, ఎముక బాగా అతుక్కుంది, వాకర్ పట్టుకుని మెల్లగా బరువు వేయడం మొదలుపెట్టండి అన్నారు. ఆ మాటకు సంతోషపడేలోపే నాన్న కాలు చూసి నా గుండె జారిపోయింది. రెండు తొడలూ ఇద్దరు వేర్వేరు మనుషులవిలా ఉన్నాయి. ఇంటికొచ్చాక అమ్మ జాకెట్లు కుట్టే టేపుతో మోకాటి చిప్పకు జానెడు పైన కొలిచాను. ఎడమది 46 సెంటీమీటర్లు, కుడిది 41.5. పిక్క పట్టుకుంటే మెత్తగా చేతిలోకి జారుతోంది.

నాన్న ఒంటి బలం మీద బతికిన మనిషి. రైలు పెట్టెల కింద దూరి బోల్టులు బిగించిన మనిషి. కట్టు తీసిన రోజు రాత్రి "ఇది నా కాలు కాదు బిడ్డా" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

నేను కామర్స్ చదివాను. కండరాల గురించి బడిలో గీసిన బొమ్మ తప్ప ఏమీ గుర్తులేదు. ఆస్పత్రిలో వివరంగా అడుగుదామంటే మా వెనక లైన్లో ఇంకా నలభై మంది ఉన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆరు వారాల్లో అంత కండ ఎక్కడికి పోతుంది? కరిగిపోయిందా, చచ్చిపోయిందా? ఈ వయసులో తిరిగి వస్తుందా? మా పిన్ని నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చేయమంటోంది. తమ్ముడు ప్రోటీన్ పౌడర్ డబ్బా తెస్తానంటున్నాడు. ఏది పనికొస్తుంది?

ఇంకొక మాట. ఎలా పనిచేస్తుందో తెలియని వస్తువును నాన్న నమ్మరు. "ఇలా చెయ్యండి" అంటే చెయ్యరు, ఎందుకో చెబితే చేస్తారు. కాబట్టి లోపల ఏముంటుందో కాస్త విడమరచి రాయండి. నేను చదివి వినిపిస్తాను.


జవాబు: కవాడిగూడ వాకర్

మా బావగారికి చెయ్యి విరిగినప్పుడు కూడా ఇంతే. జబ్బ కండ మొత్తం దిగిపోయింది. నాలుగైదు నెలల్లో మామూలైంది. టెన్షన్ పడకండి. నూనె రాస్తే మంచిదే, మేమూ రాశాం.


జవాబు: దిల్‌సుఖ్‌నగర్ ఫిజియో

నేను 19 ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. కట్టు తీసిన రోజు కాలు చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు. మీ నాన్నగారికి ముందు ఈ ఒక్క మాట చదివి వినిపించండి: కండ చచ్చిపోలేదు. అందులో పోగులు దాదాపు అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ సన్నబడింది, అంతే.

పోగులు అంటే ఏమిటో మీ వంటింట్లోనే చూడవచ్చు. ఆదివారం మటన్ తెస్తే, కడిగే ముందు తొడ ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టండి. పైన పల్చటి తెల్లని పొర గోటికి అందుతుంది. అది కండరం మొత్తాన్ని చుట్టి ఉండే తొడుగు. ముక్కను అడ్డంగా కోసిన వైపు చూస్తే చిన్న చిన్న గడులు కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక కట్ట. ప్రతి కట్టకూ మళ్ళీ ఒక పొర. ఆ కట్టలో ఉండేవే కండర పోగులు, వాటిలో ప్రతిదానికీ ఇంకా పల్చటి పొర. రంజాన్ నెలలో హలీమ్ తినే ఉంటారు. మాంసం గంటల తరబడి ఉడికినప్పుడు ఈ పొరల్లో ఉండే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారుతుంది. అప్పుడు పెద్ద కర్రలతో దంచితే కట్టలు విడిపోయి దారాలు దారాలుగా వస్తాయి. హలీమ్‌లో నాలుకకు తగిలే ఆ దారాలు కండర పోగుల కట్టలే.

ఈ పొరలన్నీ కండరం చివరకు వచ్చేసరికి కలిసి గట్టి తాడులా మారి ఎముకకు అతుక్కుంటాయి. మటన్‌లో తెల్లగా, నమిలినా నలగని ముక్కను మనం "నరం" అని పక్కన పెడతామే, అది నరం కాదు, టెండాన్. పాఠ్యపుస్తకాల్లో స్నాయుబంధనం అని రాస్తారు. మనవాళ్ళు రక్తనాళాన్నీ నరమే అంటారు, దీన్నీ నరమే అంటారు, అసలు నరాన్నీ నరమే అంటారు. ఈ గందరగోళం వల్ల నా దగ్గరికి వచ్చే సగం మందికి తమ నొప్పి ఎక్కడుందో చెప్పడం రాదు. అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను. మీ నాన్నగారి మడమ వెనక వేళ్ళతో పట్టుకుంటే గట్టిగా తగిలేది ఒంట్లో అన్నిటికన్నా బలమైన టెండాన్. పిక్కలోని రెండు పెద్ద కండరాలు కిందికి వచ్చి అందులోనే కలుస్తాయి.

ఇప్పుడు ఒక పోగు లోపలికి వెళదాం. పోగు అంటే ఒక్కటే కణం. మందం వెంట్రుకంత, లేదా అంతకన్నా తక్కువ. పొడవు మాత్రం సెంటీమీటర్లలో ఉంటుంది. మామూలు కణంలో ఒక కేంద్రకం ఉంటే ఇందులో వందల్లో ఉంటాయి. దీని లోపల ఇంకా సన్నని తీగలు వందలు, వేలు. ప్రతి తీగా పొడవునా చిన్న చిన్న గదులుగా ఉంటుంది. గది పేరు సార్కోమియర్. ఒక్కోటి సుమారు 2.5 మైక్రోమీటర్లు, అంటే ఒక సెంటీమీటరు పొడవులో నాలుగు వేల గదులు వరసగా. మైక్రోస్కోపులో చూస్తే ఈ గదుల వల్లే పోగు మీద అడ్డచారలు కనిపిస్తాయి. అస్థి కండరాలను చారల కండరాలు అనడం అందుకే.

ప్రతి గదిలోనూ రెండు రకాల ప్రోటీన్ పుల్లలు: సన్నవి ఆక్టిన్, లావువి మయోసిన్. మయోసిన్ పుల్లలకు రెండు పక్కలా చిన్న తలలు పొడుచుకుని ఉంటాయి. బావిలోంచి చేద లాగడం తెలుసు కదా, ఒక చెయ్యి తాడు పట్టి లాగుతుంది, వదిలి ముందుకు జరిగి మళ్ళీ పట్టుకుంటుంది. మయోసిన్ తల చేసేదీ అదే. ఆక్టిన్‌ను పట్టుకుంటుంది, మిల్లీమీటరులో లక్షో వంతు లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. పుల్లలు కురచ కావు, ఒకదాని మీద ఒకటి జారతాయి. గది కురచవుతుంది. వేల గదులు వరసలో తలా కాస్త తగ్గితే కండరం మొత్తం కురచై ఎముకను లాగుతుంది. 1954లో ఒకే పత్రికలో ఒకే సంచికలో రెండు వేర్వేరు బృందాలు ఈ సంగతి రాశాయి. ఒకదాంట్లో ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే. రెండోదాంట్లో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు.

ఈ పనికి ఇంధనం ఏటీపీ అనే అణువు. తల పట్టు వదలాలంటే ఏటీపీ కావాలి. పట్టుకోవడానికి కాదు, వదలడానికి! మనిషి పోయాక కొన్ని గంటలకు ఒళ్ళు కొయ్యబారడం ఇందుకే. ఏటీపీ అయిపోతుంది, పట్టిన తలలు పట్టినట్టే ఉండిపోతాయి.

ఇక ఆజ్ఞ ఎవరిది? నరానిది. వెన్నుపాములోంచి బయలుదేరిన ఒక నరకణం కండరంలో కొమ్మలుగా విడిపోయి కొన్ని పోగులను తన కింద పెట్టుకుంటుంది. కనుగుడ్డును తిప్పే కండరాల్లో ఒక నరకణం కింద పదీ ఇరవై పోగులే. పిక్కలో అయితే వెయ్యికి పైగా. కన్నుకు సూక్ష్మం కావాలి, పిక్కకు బలం కావాలి. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, పోగు లోపల దాచిన కాల్షియం బయటికి వస్తేనే మయోసిన్ తలలకు పట్టు దొరుకుతుంది.

మీ ప్రశ్నకు వస్తున్నాను. ఒంట్లో కండ ప్రోటీన్ ప్రతిరోజూ కొంత విరుగుతుంది, కొంత కొత్తగా తయారవుతుంది. బరువు మోసే పని ఉన్నంతకాలం రెండూ సరిపోతాయి. కట్టు లోపల ఆరు వారాలు కాలు దేన్నీ లాగలేదు. కొత్తగా కట్టే పని మందగించింది, విరగడం ఆగలేదు. పోగుల్లో ఆక్టిన్, మయోసిన్ పుల్లలు తగ్గిపోయాయి. దానికి తోడు మోకాలు కదలక బిగుసుకున్నప్పుడు తొడ ముందు కండరానికి వెళ్ళే నరం ఆజ్ఞ కూడా బలహీనపడుతుంది. నాన్నగారు తొడ బిగించాలనుకుంటారు, తొడ పలకదు. ఆయనకు "నా కాలు కాదు" అనిపించడానికి ఇది పెద్ద కారణం. ఆయన చెప్పింది మాటవరసకు అన్నది కాదు, నిజంగా అలాగే తోస్తుంది.

అందుకే మొదటి పని మర్దన కాదు, ఆ నరాన్ని మళ్ళీ పిలవడం. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మోకాలితో తువ్వాలును కిందికి నొక్కమనండి. అయిదు సెకన్లు నొక్కి వదలాలి. పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. మీరు మోకాటి చిప్ప పైన లోపలి వైపు చెయ్యి పెట్టి ఉంచండి. అక్కడ కండ గట్టిపడడం మీ వేళ్ళకు తెలుస్తుంది. మొదటి రోజు తెలియకపోవచ్చు. నాలుగో రోజుకు, అయిదో రోజుకు చిన్నగా అదురుతుంది. అది తెలిసిన రోజు నాన్నగారి చేతినే అక్కడ పెట్టించండి. నేను 19 ఏళ్ళుగా ఎదురుచూసే క్షణం అదే. దీంతోపాటు పాదం పైకీ కిందికీ ఆడించడం, కుర్చీలోంచి చేతులు ఆనించి లేవడం వాకర్ నడకతో కలిపి మొదలుపెట్టవచ్చు. మీ దగ్గరలో ఉన్న ఫిజియోతో ఒకసారి చేయించుకుని చూడడం మాత్రం మానకండి. ఎముక ఎంత బరువు మోయవచ్చో చెప్పాల్సింది మీ ఎముకల డాక్టరే.

పాదం ఆడించడం గురించి ఇంకొంచెం. పిక్క కండ బిగిసిన ప్రతిసారీ కాలి సిరల్లో రక్తాన్ని పైకి తోస్తుంది. సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి రానివ్వవు. ఇన్నాళ్ళు ఆ పని ఆగింది కాబట్టి, పిక్క ఒక్కసారిగా వాచినా, ఎర్రబడి వేడిగా నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వ్యాయామం పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. అలాంటి కాలికి మర్దన అసలు చేయకూడదు. మిగతా రోజుల్లో పిన్నిగారి నూనె తేలిగ్గా రాయండి. చర్మం మెత్తబడుతుంది, ఆయనకు హాయిగా ఉంటుంది. కండను మాత్రం అది పెంచదు.

తిండి: ఈ దశలో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 65 కిలోల మనిషికి 65 నుంచి 78 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు 8 గ్రాములు. పప్పు, పెరుగు, శనగలు, చేపలు మూడు పూటలకూ పంచండి. రాత్రి ఒక్క పూటే కుక్కితే లాభం తక్కువ. డబ్బా తప్పనిసరి కాదు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరును అడిగాకే.

వయసు అడిగారు. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించి చూశారు. వాళ్ళ తొడల బలం రెట్టింపు కన్నా ఎక్కువైంది. 67 ఏమంత వయసు అమ్మా?


మౌలాలి కూతురు

మేడమ్, రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి గోడ వైపు తిరిగే విన్నారు. కట్టలు, కట్టల్లో పోగులు, పోగుల్లో తీగలు అన్నచోట ఇటు తిరిగి లేచి కూర్చున్నారు. "క్రేన్ వైర్ రోప్ గదా ఇది" అన్నారు. సన్న తీగలు కలిపి ఒక పాయ, పాయలు మెలేసి ఒక రోప్, అలా చేస్తే ఒక తీగ తెగినా రోప్ ఆగుతుందట. గంటసేపు నాకు వైర్ రోప్ గురించి చెప్పారు. మంచాన పడ్డాక అంతసేపు మాట్లాడడం ఇదే మొదలు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

తువ్వాలు నొక్కడం మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. ఆరో రోజు నా వేళ్ళ కింద అదిరింది. మీరు చెప్పినట్టే ఆయన చెయ్యి పెట్టించాను. ఏమీ అనలేదు. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే ఇంకో రెండు విడతలు చేశారు.

ఇప్పుడు ఆయన ప్రశ్నలు, ఆయన మాటల్లోనే. ఒకటి: వైర్ రోప్ లాగుతుంది గానీ నెట్టదు. కండా అంతేనా? అయితే ముడిచిన మోకాలు చాచేది ఎవరు? రెండు: కాలు లేపి పట్టుకుంటే ఎందుకు వణుకుతుంది? మూడోది నా భయం. డాక్టరు గారు మెట్లు ఎక్కి దిగవచ్చన్నారు. మాది మొదటి అంతస్తు, పదహారు మెట్లు. మొన్న మెల్లగా దిగి గేటు దాకా వెళ్ళారు. మంచి కాలు ముందు వేస్తూ చాలా జాగ్రత్తగా దిగారు. ఆ రోజు బాగానే ఉంది. మర్నాడూ, ఆ తర్వాతి రోజూ కుడి తొడ ముట్టుకోనివ్వలేదు. ఏమైనా తెగిందా?


కవాడిగూడ వాకర్

అది లాక్టిక్ యాసిడ్ అండీ. కండలో పేరుకుపోతుంది. జిమ్‌కి వెళ్ళేవాళ్ళందరికీ వస్తుంది.


జవాబు: పాత జువాలజీ మాస్టారు

వాకర్ గారు తప్పుగా అనుకోవద్దు, లాక్టిక్ ఆమ్లం మాట నేను కూడా నా సర్వీసు మొదట్లో పిల్లలకు అలాగే చెప్పాను. గట్టి పని చేసినప్పుడు అది తయారవడం నిజం. కానీ విశ్రాంతి తీసుకుంటే గంటా రెండు గంటల్లో మామూలు స్థాయికి వస్తుంది. రెండో రోజు వచ్చే నొప్పిని దాని మీద వేయడానికి లేదు.

ఈ కథలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు, చెప్పకుండా ఉండలేను. 1920లలో కండరం లాక్టిక్ ఆమ్లంతోనే ముడుచుకుంటుందని శాస్త్రం గట్టిగా నమ్మేది. ఏ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్ కండరాల మీద చేసిన పనికి 1922 నోబెల్ బహుమతి కూడా అందుకున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరారు. రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని రంగు మారడాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఆ పద్ధతితో కండను పరీక్షిస్తే కొలత మామూలుగా రాలేదు, రంగు ఆలస్యంగా తేలుతోంది. వదిలేయకుండా వెంటపడ్డారు. కారణం కొత్త పదార్థం, ఫాస్ఫోక్రియేటిన్. కండరం పనిచేస్తే అది తరుగుతోంది, విశ్రాంతిలో మళ్ళీ చేరుతోంది. ఆ ఫలితం 1927లో వచ్చింది. 1929లో ఏటీపీని కూడా ఆ ఇద్దరే వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పని చేశాడు. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందని చూపించడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

సుబ్బారావు గారి పేరు ఫోలిక్ ఆమ్లం, యాంటీబయాటిక్స్ దగ్గరే చెబుతారు. కండర శాస్త్రంలో ఆయన ముద్ర గురించి పిల్లలకు చెప్పేవారు తక్కువ. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు అది ఇప్పటికీ బాధే.

అమ్మా, మీ నాన్నగారు తువ్వాలు నొక్కినప్పుడు మొదటి సెకన్లలో తరిగిన ఏటీపీని మళ్ళీ నింపేది ఆ ఫాస్ఫోక్రియేటినే. గట్టి పనికి పది సెకన్ల దాకా ఆదుకుంటుంది. అది తిరిగి నిండాలంటే వ్యవధి కావాలి. మేడమ్ గారు అయిదు సెకన్లు నొక్కి వదలమన్నారు. ఆ వదిలే సమయాన్ని ఆయన తొందరలో మింగేయకుండా చూడండి.


జవాబు: దిల్‌సుఖ్‌నగర్ ఫిజియో

మాస్టారూ, ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

నాన్నగారి మొదటి ప్రశ్నకు: కండ లాగగలదే గానీ నెట్టలేదు. ఆయన సరిగ్గా పట్టుకున్నారు. అందుకే ఒంట్లో కండరాలు ఎదురెదురుగా ఉంటాయి. తొడ ముందున్న నాలుగు కండరాల గుంపు, క్వాడ్రిసెప్స్, మోకాటి చిప్పను కలుపుకుని ముందునుంచి లాగితే మోకాలు చాచుకుంటుంది. తొడ వెనక హామ్‌స్ట్రింగ్స్ లాగితే ముడుచుకుంటుంది. ఒకటి లాగుతుంటే రెండోది సడలాలి. వైర్ రోప్‌కు ఒక తేడా చెప్పండి: రోప్‌ను లాగడానికి మోటారు వేరే ఉండాలి. కండకు మోటారు ప్రతి పోగులోనూ ఉంది.

వణుకు: ఆరోగ్యంగా ఉన్న కండలో నరకణాలు వంతులవారీగా పనిచేస్తాయి. ఒక గుంపు అలసేసరికి మరొకటి అందుకుంటుంది, మనకు నిలకడగా లాగినట్టే ఉంటుంది. ఇప్పుడు పనికి వచ్చే గుంపులు తక్కువ, అవీ త్వరగా అలసిపోతున్నాయి. ఆ వంతులు మారడం బయటికి కనిపించడమే వణుకు. ప్రమాదం కాదు. వణుకు ఎక్కువైన చోట ఆపి, విశ్రాంతి తీసుకుని మళ్ళీ చేయాలి.

మెట్ల సంగతి అన్నిటికన్నా ముఖ్యం, నిదానంగా చదవండి. మెట్టు ఎక్కేటప్పుడు తొడ ముందు కండ కురచవుతూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ పనిచేస్తుంది. పై మెట్టు మీద ఉన్న కాలు ఒంటి బరువును మెల్లగా కిందికి దింపాలి, అంటే బ్రేకు వేయాలి. మయోసిన్ తలలు పట్టుకునే ఉంటాయి, బరువు వాటిని సాగదీస్తూ ఉంటుంది. అలవాటు లేని కండలో ఈ సాగుడుకు కొన్ని గదులు చెదురుతాయి, తర్వాత ఆ చోట కాస్త వాపు వస్తుంది. నొప్పి మర్నాడు మొదలై రెండో రోజు ఎక్కువై, కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. గోల్కొండ కోట ఎక్కి దిగినవాళ్ళకు రెండో రోజు తొడలు పట్టేసేదీ ఇందుకే. ఎక్కడం వల్ల ఆయాసం వస్తుంది, దిగడం వల్ల నొప్పి వస్తుంది. ఇలా ఒకసారి నొప్పి పడి సర్దుకున్న కండ తర్వాతిసారి అదే పనికి అంత నొప్పి పెట్టదు.

పొరపాటు జరిగింది ఎక్కడంటే, నాన్నగారు మంచి కాలు ముందు వేసి దిగారు. మంచి కాలు కింది మెట్టు మీదికి వెళుతుంటే, పైన మిగిలిన బలహీనమైన కుడి కాలే పదహారు మెట్లూ బ్రేకు వేసింది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. గోడ మీద రాసి పెట్టినా మంచిదే. మీరు పట్టుకునేటప్పుడు, దిగుతుంటే ఆయనకు ఒక మెట్టు కింద నిలబడండి, పైన కాదు.

తెగలేదనే అనుకుంటున్నాను. ఏదైనా తెగితే నొప్పి ఆ క్షణంలోనే పొడిచినట్టు వస్తుంది, నల్లగా కములుతుంది, కాలు చాచడం కుదరదు. మర్నాడు మొదలై, తొడంతా పరుచుకున్న నొప్పి అలాంటిది కాదు. మూడు రోజులు మెట్లు వద్దు, తువ్వాలు మానవద్దు. నొప్పి వారం దాటినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించండి.


మౌలాలి కూతురు

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. తొడ నొప్పి మీరు చెప్పినట్టే నాలుగో రోజుకు పోయింది. మూత్రం రంగు మామూలే. టేపు కొలత 41.5 నుంచి 42.5కు వచ్చింది. ఒక్క సెంటీమీటరే, కానీ వాకర్ మూలన పెట్టి చేతికర్రతో నడుస్తున్నారు. పాత ప్యాంటు కాలు కత్తిరించి అమ్మతో సంచి కుట్టించి, ఇసుక నింపి, కిరాణా షాపు కాటాలో సరిగ్గా కిలో తూయించుకొచ్చారు. చీలమండకు కట్టుకుని కుర్చీలో కూర్చుని కాలు చాస్తున్నారు. మా ఫిజియో చూసి ఒప్పుకున్నారు. పొద్దున రెండు గుడ్లు, రాత్రి పెరుగు. డబ్బా కొనలేదు. మెట్ల దగ్గర గోడ మీద సుద్దతో ఆయనే రాశారు: ఎక్కు ఎడమ, దిగు కుడి.

ఒక ప్రశ్న అడగమన్నారు. ఏటా ఉర్సు (దర్గా ఉత్సవం) రోజుల్లో స్నేహితులతో కలిసి మౌలాలి గుట్ట ఎక్కడం ఆయనకు అలవాటు, చిన్నప్పటి నుంచీ. ఈసారి వెళ్ళవచ్చా?


దిల్‌సుఖ్‌నగర్ ఫిజియో

కిలో సంచి సంగతి చదివి చాలా సంతోషం వేసింది.

గుట్ట ఎక్కించడానికి స్నేహితులు చెయ్యి ఇస్తారు. నేను చూసేది దిగడం. ఇంట్లో అన్నిటికన్నా కింది మెట్టు మీద, గోడకు చెయ్యి ఆనించి, కుడి కాలు పైన ఉంచి ఎడమ కాలిని మెల్లగా నేలకు దింపమనండి. మూడు లెక్కపెట్టేంతసేపు పట్టాలి, ధబ్‌మని పడకూడదు. వణుకు లేకుండా పదిసార్లు, మర్నాడు నొప్పి లేకుండా. అది చేయగలిగిన రోజు నాకు ఇక్కడే రాయండి, గుట్ట సంగతి అప్పుడు మాట్లాడదాం.